తొలి తీర్పే తుది తీర్పా?

బాలుని శక్తిని ఒక్క పరీక్షతో తేల్చివేయుట న్యాయం కాదు. ఆస్ట్రియా దేశపు స్కీ వీరుడు హెర్మన్ మాయర్ జీవితమే ఇందుకు సాక్ష్యం.

పదునైదేండ్ల ప్రాయంలో, దేహం చిన్నదని స్కీ విద్యాలయం అతనిని ఇంటికి పంపివేసింది. అతడు తాపీ పట్టి ఇటుకలు పేర్చాడు. శీతకాలంలో తండ్రి పాఠశాలలో స్కీయింగ్ నేర్పాడు. 1996లో స్వగ్రామమైన ఫ్లాఖావ్‌లో ప్రపంచ కప్ పందెం జరిగినప్పుడు, పోటీదారులకంటె ముందుగా బాటను పరీక్షించే పని అతనికి లభించింది. ఆ పరుగులో అతని వేగం పన్నెండవ స్థానానికి తగినది! మూసిన తలుపు తెరుచుకొన్నది. 1998 నాగానో ఒలింపిక్స్‌లో ఘోరంగా పడియు, మూడు దినాలకే స్వర్ణం, పిదప మరొక స్వర్ణం సాధించాడు. 2001లో మోటారు సైకిలు ప్రమాదంలో కాలు కోల్పోవలసిన స్థితి వచ్చినా, 2004లో ప్రపంచ కప్ సమగ్ర విజేతగా నిలిచాడు.

పట్టుదల అతనిదే, కాని ఆ పట్టుదలకు ఒక బాట దొరకవలసివచ్చింది. విద్యాలయాలు నడిపే పెద్దలారా, ఒకమారు తప్పినవానికి మరొక అవకాశమిచ్చుట దయ కాదు, ధర్మం.