చందా అడగడం ద్రోహం కాదు



ఉచిత సాంకేతిక సమాచారం అందించే సైట్లు డబ్బు అడగడం విద్యార్థులకు ద్రోహమని గత సంచికలో వ్యాసకర్త రాశారు. ఆ మాట ఒప్పుకోలేను. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ తయారుచేసే మొజిల్లా సంస్థ 2005లో మొదలుపెట్టిన వెబ్ డెవలపర్ల సమాచార సైట్ ఎండీఎన్‌నే చూడండి. అందులో పేజీ అడుగున, ఏ ఫీచర్ ఏ బ్రౌజర్‌లో ఏ వెర్షన్ నుంచి పనిచేస్తుందో చెప్పే పట్టిక ఉంటుంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ దాదాపు నెలకో కొత్త వెర్షన్ తెస్తుంటే, ఎవరో ఒకరు కూర్చుని ఆ పట్టికను సరిచేస్తూ ఉండాలి.

2020 ఆగస్టులో మొజిల్లా ఉద్యోగాల కోత పెట్టినప్పుడు ఎండీఎన్ రచయితలూ బయటికి వెళ్లాల్సి వచ్చింది. ఈ పని ఆగిపోకుండా 2021లో విరాళాలతో ఓపెన్ వెబ్ డాక్స్ అనే సంస్థ మొదలైంది. 2022లో నెలకు 5 డాలర్ల నుంచి ఎండీఎన్ ప్లస్ చందా వచ్చింది. చందాదారులకు ఆఫ్‌లైన్‌లో చదువుకోవడం వంటి సౌకర్యాలిచ్చారు. పాఠాన్ని మాత్రం అందరికీ ఉచితంగానే ఉంచారు. హాస్టల్‌లో ఫోన్ మీద చదువుకునే విద్యార్థి పైసా కట్టక్కర్లేదు.

సౌకర్యానికి వెల పెట్టవచ్చు, సమాచారానికి కూడదు. గీత అక్కడే గీయాలి. ఈ పేజీల ఆసరాతో ప్రాజెక్టులు పూర్తిచేసుకునే మన హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఏటా కొంత విరాళం కేటాయించాలని నా మనవి.

– ఒక వెబ్ డెవలపర్, విజయవాడ