యంత్రము మనది, పెత్తనమెవరిది?

కంబైనల్లూరునందును, చుట్టుపట్ల పల్లెలయందును తరతరములుగా నివసించుచున్న మన తెలుగు కుటుంబములలో కంప్యూటరు లేని యిండ్లు నానాటికి తగ్గుచున్నవి. చింతపండు, మామిడి బేరముల లెక్కలు, పిల్లల చదువులు, బెంగుళూరునందున్న కుమారునితో సంభాషణ, పెండ్లి శుభలేఖ, అన్నియు దానియందే జరుగుచున్నవి. ఇది సంతోషింపదగినదే. కాని యిటీవల మన సంఘ కార్యాలయమునకు వచ్చు పెద్దలు పలువురు ఒకే మాట చెప్పుచున్నారు: "రాత్రి బాగుగనే పనిచేసినది, తెల్లవారుసరికి ప్రింటరు పలుకుట లేదు. మేము దేనిని ముట్టలేదు." వారు ముట్టలేదన్నది నిజమే. మరి ముట్టినదెవరు?

కంప్యూటరు పరిభాషలో డ్రైవరనగా బండి తోలువాడు కాడు. ఆపరేటింగ్ సిస్టమునకును ప్రింటరు, స్కానరు వంటి పరికరమునకును నడుమ నుండి ఒకరి మాట నొకరికి దెలుపు దుబాసి వంటిది. పరికరమును చేసినవారు పంపిన దుబాసి చక్కగా పనిచేయుచుండగా, అప్డేటు పేరిట అతనిని తొలగించి వేరొకనిని కూర్చుండబెట్టినచో, క్రొత్తవానికి ఆ పాత ప్రింటరు భాష తెలియకపోవచ్చును. ఈ మార్పు యజమాని నడుగకయే జరుగుచున్నది. పిలువని పేరంటమునకు వచ్చుటయే కాక, వచ్చినవారు మన వంటయింటి పాత్రలు సయితము మార్చిపోవుచున్నారు.

ఇది చిన్న విషయమని త్రోసివేయరాదు. 2014 అక్టోబరులో ఎఫ్.టి.డి.ఐ. అను బ్రిటిషు సంస్థ, తమ చిప్పులకు నకళ్ళు బజారున చేరినవన్న కోపమున ఒక క్రొత్త డ్రైవరును సిద్ధము చేయగా, అది విండోస్ అప్డేటు ద్వారా యింటింటికి చేరినది. నకిలీ చిప్పు కనబడినచో ఆ డ్రైవరు దాని గుర్తింపు సంఖ్యను సున్నగా మార్చి, కంప్యూటరు దానిని గుర్తింపకుండ చేసెను. నకిలీ చేసినవాడు సుఖముగనే యుండెను. తెలియక కొన్నవాడు నష్టపడెను. గగ్గోలు పుట్టిన పిమ్మట ఆ డ్రైవరు ఉపసంహరింపబడినది. మరల 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అను భద్రతా సంస్థ పంపిన తప్పుడు అప్డేటు వలన ప్రపంచమున సుమారు 85 లక్షల విండోస్ యంత్రములు నిలిచిపోయినవి. ఆనాడు హైదరాబాదు విమానాశ్రయమున ప్రయాణికులకు బోర్డింగు పాసులను చేతితో వ్రాసి యిచ్చిరి.

రెండవ ఫిర్యాదు కంటికి కనబడనిది. యంత్రము తన స్థితిగతులను, మనము వాడు ప్రోగ్రాముల వివరములను, తనకు గలిగిన లోపములను తయారుచేసిన సంస్థకు ఎప్పటికప్పుడు నివేదించుటకు టెలిమెట్రీ అని పేరు. విండోస్ 10 వెలువడిన 2015వ సంవత్సరము నుండియు దీనిపై వాదము నడచినది. 2016 జూలైలో ఫ్రాన్సు దేశపు గోప్యతా సంస్థ సి.ఎన్.ఐ.ఎల్., ఈ సేకరణ మితిమీరినదని మైక్రోసాఫ్టునకు తాఖీదు ఇచ్చెను. 2017 అక్టోబరులో నెదర్లాండ్సు అధికారులును అది తమ దేశపు చట్టమునకు విరుద్ధమని తేల్చిరి. పిమ్మట సంస్థ సేకరణను తగ్గించినది. ఏమి పంపబడుచున్నదో చూపు సాధనమునొకటి యిచ్చినది. అయినను హోమ్, ప్రో తరగతులవారు ఆ నివేదనను పూర్తిగా ఆపజాలరు. పెద్ద కంపెనీలు కొను ఎంటర్‌ప్రైజ్ తరగతివారు ఆపగలరు. అనగా తలుపు మూసికొను హక్కు మేడ గలవానికి కలదు, పెంకుటింటివానికి లేదు. ఇది న్యాయమా?

ఎదుటి పక్షమును గూడ వినవలెను. లోపములు తెలిసిననే గదా సరిదిద్దుట సాధ్యమగునది. అప్డేట్లను పూర్తిగా ఆపివేయుమని చెప్పువారి మాట మనము వినరాదు. 2017 మే నెలలో వాన్నాక్రై అను దుష్ట ప్రోగ్రాము ప్రపంచమంతట వ్యాపించినపుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవారి కంప్యూటర్లును కొన్ని దాని వాతబడినవి. దానికి విరుగుడు అప్పటికి రెండు నెలల ముందే, మార్చిలోనే వెలువడియున్నది. కావున మన ఆక్షేపణ అప్డేటుపై గాదు. భద్రతకై వచ్చు మందును, అడుగని మార్పులను ఒకే పొట్లమున గట్టి పంపు పద్ధతిపై.

మన వంటి అల్పసంఖ్యాక భాషా సంఘమునకు ఇందు ప్రత్యేకమైన చింత కలదు. 2006లో వచ్చిన తమిళ బోధన చట్టము తరువాత, ఏ యూరిలో ఎందరు తెలుగు పిల్లలు గలరో లెక్క చూపనిదే మన విన్నపమునకు బలము లేదు. అందుచే ఇంటింటి పేర్లు, పిల్లల వయస్సు, బడి, మాతృభాష గల పట్టీలు మన కంప్యూటరునందున్నవి. టెలిమెట్రీ ఈ పట్టీలను ఎత్తుకొనిపోవునని చెప్పి భయపెట్టుట మా ఉద్దేశము కాదు. అది దానికొరకు ఏర్పడినది కాదు. కాని ప్రోగ్రాము కుప్పకూలినపుడు పంపబడు స్మృతి చిత్రమునందు, తెరచియున్న పత్రములోని భాగములు చేరవచ్చునని తయారీదారులే ఒప్పుకొనుచున్నారు. ఇంటి గుట్టు లంకకు చేటన్నారు పెద్దలు.

చట్టము మనకు కొంత అండగా నున్నది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము, పుట్టస్వామి కేసులో, గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవముగా తీర్పు చెప్పెను. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము వచ్చినది. వ్యక్తిని గుర్తింపగల వివరమును కోరువారు ఎందులకో తెలుపు నోటీసు ఇవ్వవలెననియు, దానిని ఇంగ్లీషునగాని ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషయందైనగాని చదువుకొను వీలు కల్పింపవలెననియు ఆ చట్టము చెప్పుచున్నది. ఆ షెడ్యూలునందు తెలుగు కలదు. అనగా కంబైనల్లూరు తెలుగువాడు తెలుగు నోటీసు అడుగవచ్చును. 2025 నవంబరునాటి నియమముల ప్రకారము ఈ బాధ్యతలు 18 నెలల పిమ్మట అమలులోనికి రావలెను. అడుగువారు లేనిచో ఆ హక్కు కాగితముపైననే మిగులును.

అంతవరకు చేతనైనది చేసికొందము. విండోస్ సెట్టింగులలో గోప్యతా విభాగమున, ఐచ్ఛికమని వ్రాసియున్న నివేదనను ఆపివేయవచ్చును. క్రొత్త డ్రైవరు చెరుపు చేసినచో డివైస్ మేనేజరులోని రోల్ బ్యాక్ మీటతో పాతదానిని తిరిగి తెచ్చుకొనవచ్చును. పాత డ్రైవరు ప్రతిని దాచియుంచుట మరియు మేలు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసినది. విండోస్ 11నకు అర్హము గాని యంత్రమును పారవేయుటకు ముందు లినక్సును పరీక్షింపుడు. సి-డాక్ సంస్థవారి బాస్ లినక్సు మన దేశమున తయారైనదే. అయితే మనవారికి అలవాటైన అను ఫాంట్లు దానిలో సరిగా నడువకపోవచ్చును. యూనికోడ్ తెలుగునకు మారవలసి వచ్చును. ముందు ఒక యంత్రమున చూచి, పిమ్మట తక్కినవి మార్చుట వివేకము.

చివరకు ఒక మాట మనకు మనమే చెప్పుకొనవలెను. దూరదేశపు సంస్థ మన నడుగలేదని కోపించు మనము, సభ్యుల పట్టీని వారి ననుమతి యడుగక వాట్సాప్ గుంపులలో పంచుకొనుచున్నాము. ఆ దోషము ఏ అప్డేటు వలన వచ్చినది గాదు. రాబోవు సర్వసభ్య సమావేశమున రెండు తీర్మానములు చేయవలెనని మా కోరిక: కుటుంబముల పట్టీని ఇంటర్నెట్టుతో సంబంధము లేని యొక కంప్యూటరునందే యుంచుట, ఎవరి వివరమునైనను వారి యంగీకారము లేక బయటికి ఇవ్వకుండుట. మన యింటి తలుపు మనము మూసికొన్న పిమ్మటనే, పొరుగువానిని తలుపు తట్టి రమ్మని అడుగు అర్హత మనకు కలుగును.