కన్నం చూసి మెచ్చుకునేవాళ్ళు

దొంగకి గోడ గోడా కాదు, తలుపు తలుపూ కాదు. మనిషి ఎటునుంచి లోపలికి రావాలో ఆర్కిటెక్ట్ నిర్ణయిస్తే, ఆ నిర్ణయాన్ని ఒప్పుకోనివాడు దొంగ. జెఫ్ మానో ‘ఎ బర్గ్లర్స్ గైడ్ టు ది సిటీ’ (2016) చెప్పేది స్థూలంగా ఇదే. పుస్తకం ఆపకుండా చదివించింది, ఒప్పుకుంటాను. పందొమ్మిదో శతాబ్దపు న్యూయార్క్‌లో ఆర్కిటెక్చర్ తెలిసి బ్యాంకులు దోచిన జార్జ్ లియోనిడాస్ లెస్లీ కథ ఎవరికి నచ్చదు? పైగా నేను ప్రోగ్రామర్ని. రాసినవాడు ఊహించని దారిలో సిస్టమ్‌లోకి దూరేవాడంటే మావాళ్ళకి ఎప్పుడూ కాస్త మోజే.

ఆ మోజుతోనే నా పేచీ.

ఈ చూపు మనకి కొత్తేం కాదు. మృచ్ఛకటికం మూడో అంకంలో శర్విలకుడు చారుదత్తుడి ఇంటిగోడ ఎక్కడ నీళ్ళకి నానిందో, ఎక్కడ ఎలుకలు తవ్వాయో వెతుకుతాడు. పద్మమా, సూర్యుడా, నెలవంకా అని ఆకారాలు లెక్కేసి, కాల్చిన ఇటుకకి పూర్ణకుంభమే తగినదని తేలుస్తాడు. కొలతాడు మర్చిపోయాడు కాబట్టి జంధ్యంతో కొలుస్తాడు. (ఇదంతా దాసి మదనికని విడిపించుకోడానికి.) నిద్రలేచిన చారుదత్తుడు కూడా ఆ కన్నం పనితనాన్ని మెచ్చుకుంటాడు. చాలామంది చప్పట్లు కొట్టి ఆగిపోయేది ఇక్కడే.

శూద్రకుడు ఆగలేదు. వసంతసేన దాచుకోమన్న నగలు పోయాయని తెలియగానే చారుదత్తుడు కుప్పకూలతాడు. దొంగతనం జరిగిందంటే నమ్మేదెవరు? పేదవాణ్ణి కదా, నేనే కాజేశాననుకుంటారు అని అతని బాధ. గోడకి అంత కన్నం కళ్ళెదుట ఉండగా!

దొంగ నగరాన్ని చూసే తీరు గురించి ఎంతైనా రాయండి. నగరాన్ని మార్చింది మాత్రం దొంగంటే మనకున్న భయం. ప్రహరీ మీద గాజుపెంకులు, కిటికీకి గ్రిల్లు, గుమ్మానికి కెమెరా, గేటుకి యాప్. వీటిల్లో రోజూ చిక్కుకునేది దొంగ కాదు.

మా అపార్ట్‌మెంట్‌ని అందరికంటే బాగా ఎరిగింది పనావిడ. ఎవరి తాళంచెవి చెప్పుల స్టాండులో ఉంటుందో, ఏ వెనకతలుపు గడియ సరిగా పడదో ఆవిడకి తెలుసు. అన్నీ తెలిసే, సాయంత్రం గేటు దగ్గర సంచీ విప్పి చూపించి వెళ్తుంది. పోయినేడు మా అంతస్తులో ఒకరి ఉంగరం కనపడలేదు. గంటలో యాప్‌లో ఆవిడ ఎంట్రీ ఆపేశారు. మూడోరోజు ఉంగరం వాషింగ్ మెషీన్ రబ్బరు మడతలో దొరికింది. ఎంట్రీ మళ్ళీ ఇవ్వడానికి ఇంకో వారం పట్టింది. ఆ పదిరోజుల జీతం సంగతి ఎవరూ ఎత్తలేదు, నాతో సహా.