పరిమితి పెంచారు, బిల్లులు కట్టరేం?
2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం కింద ఉచిత వైద్యం పరిమితిని తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరులో ఐదు లక్షల నుంచి పది లక్షలకు పెంచింది. మంచి పనే. కానీ బకాయిలు అందలేదంటూ 2025 సెప్టెంబరులో నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేస్తే, కోహెడ లాంటి ఊళ్లోని రైతుకు ఆ పది లక్షల మాట ఎందుకు పనికొచ్చినట్టు? అదే నెల 22 నుంచి కేంద్రం వ్యక్తిగత ఆరోగ్య బీమాపై 18 శాతం జీఎస్టీ ఎత్తేసింది. ప్రీమియం కట్టగలిగే ఉద్యోగికి అది ఊరటే. పత్తి అమ్మితే గాని చేతిలో రూపాయి ఆడని ఇంటికి కాదు. ఆ ఇంటిని కుంగదీసేది ఆపరేషన్ ఖర్చు ఒక్కటే కాదు, నెలనెలా కొనే బీపీ, షుగర్ మాత్రలు కూడా. ఆరోగ్యశ్రీపై పార్టీల వాదులాటలో వాటి ఊసే లేదు. ఆసుపత్రుల బిల్లులు గడువులోగా చెల్లించేలా చట్టం తేవాలి. మండల ఆరోగ్య కేంద్రంలో మందులు నిండుకోకుండా చూడాలి.