కొల్లేరు ముంపు: తప్పు ఏటిదా? చెరువులదా? ఉప్పుటేరుదా? ఒక్క కారణంతో ఎందుకు తేలదంటే..

ఏలూరు జిల్లా పెదపాడు మండలంలో వానాకాలం వచ్చిందంటే రైతు ముందు తన చేను చూడడు. ఎగువన వాన ఎంత పడింది, దిగువన కొల్లేరు ఎంత నిండింది అని అడుగుతాడు. మధ్యలో ఉన్న ఊళ్లకు రెండు వైపుల నుంచీ భయమే. నాట్లు వేసిన పొలం వారం పది రోజులు నీళ్లలో మునిగితే ఆ పంట మీద ఆశ వదులుకోవాల్సిందే.

ముంపు వచ్చిన ప్రతిసారీ ఒకటే చర్చ. చేపల చెరువులే కారణమని ఒకరంటారు. ఉప్పుటేరులో పూడిక తీయకపోవడమే అసలు సమస్య అని మరొకరు. బుడమేరు, తమ్మిలేరుదే తప్పని ఇంకొకరు. నిజానికి వీళ్లలో ఎవరి మాటా అబద్ధం కాదు. కానీ ఎవరి మాటా పూర్తి నిజం కూడా కాదు. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

వచ్చే దారులు అనేకం.. పోయే దారి ఒక్కటే

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య ఉన్న పల్లపు ప్రాంతమే కొల్లేరు. ఎన్టీఆర్ జిల్లా వైపు నుంచి బుడమేరు, ఖమ్మం వైపు నుంచి తమ్మిలేరు, ఇవి కాక రామిలేరు, గుండేరు దీంట్లోకే వస్తాయి. డెల్టా పొలాల మురుగు మోసే కాల్వలు, డ్రెయిన్లు కూడా దీంట్లోనే కలుస్తాయి. ఇన్ని నీళ్లు బయటికి పోవాలంటే ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే. దాదాపు 60 కిలోమీటర్లు వంకరలు తిరిగి బంగాళాఖాతంలో కలుస్తుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి, కొల్లేరు లోతైన సరస్సు కాదు. వెడల్పాటి పళ్లెం లాంటిది. సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తులో గీత గీస్తే (అదే +5 కాంటూరు) విస్తీర్ణం 308 చదరపు కిలోమీటర్లు. 10 అడుగుల దగ్గర గీస్తే 901 చదరపు కిలోమీటర్లు. అంటే నీళ్లు ఐదు అడుగులు పెరిగితే సరస్సు దాదాపు మూడింతలు అవుతుంది. మట్టం కాస్త పెరిగినా పొలాలు, రోడ్లు మునగడానికి కారణం ఇదే.

2024 సెప్టెంబర్‌లో ఏం జరిగింది?

అన్నీ ఒకేసారి కలిసి వస్తే ఏమవుతుందో 2024 వరదలు చూపించాయి. సాధారణంగా బుడమేరు నీటిలో కొంత భాగాన్ని డైవర్షన్ కాల్వ ద్వారా ప్రకాశం బ్యారేజీ ఎగువన కృష్ణా నదిలోకి పంపిస్తారు. కానీ అప్పుడు కృష్ణమ్మే పొంగింది. బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద వచ్చింది. నది నిండుగా ఉంటే కాల్వ నీళ్లు ఎక్కడికి పోతాయి? గట్లకు గండ్లు పడ్డాయి, విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం మునిగింది. గండ్లు పూడ్చడానికి ఆర్మీ రావాల్సి వచ్చింది.

టీవీల్లో అందరూ విజయవాడ చూశారు. కానీ ఆ నీళ్లు అక్కడ ఆవిరైపోలేదు. బుడమేరు దారిలో కిందికి దిగి కొల్లేరుకే చేరాయి. బెజవాడలో నీళ్లు తగ్గుతున్నాయని ఊపిరి పీల్చుకునే సమయానికి ఇక్కడ లంక గ్రామాలు చుట్టుముట్టిన నీటిలో ఉన్నాయి. ఏలూరు-కైకలూరు రోడ్డు మీదికి నీళ్లొచ్చి రాకపోకలు ఆగిపోయాయి. ఒక చోట తీరిన కష్టం ఇంకో చోటికి మారిందన్నమాట.

చెరువులు ఎందుకు వచ్చాయి?

సరే, అడ్డుగా ఉన్న చెరువు గట్లు కొట్టేస్తే సరిపోతుంది కదా? ఆ పనీ ఒకసారి జరిగింది. 1999లో +5 కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరుకు రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో వేల ఎకరాల చెరువుల గట్లు తెంచేశారు. అయినా తర్వాతి ఏళ్లలో చాలా చోట్ల గట్లు మళ్లీ లేచాయి. అధికారుల నిర్లక్ష్యం, పెద్దల అండ ఉన్నాయన్న విమర్శలు ఎప్పుడూ ఉన్నవే. కానీ అదొక్కటే కారణం కాదు.

1970ల్లో ఇక్కడి మత్స్యకారులను సొసైటీలుగా చేర్చి చెరువులు తవ్వించింది ప్రభుత్వమే. తర్వాత లాభాలు చూసి బయటి పెట్టుబడి వచ్చింది. లీజుల పద్ధతి పెరిగింది. బొచ్చె, శీలావతి చేపలు లారీల్లో బెంగాల్, ఈశాన్య రాష్ట్రాల దాకా వెళ్లడం మొదలైంది. దీని మీద గట్టు కూలీ నుంచి ఐస్ ఫ్యాక్టరీ వరకు వేల కుటుంబాలు బతుకుతున్నాయి.

ఇక ముంపు రైతు లెక్క చూడండి. రెండు మూడేళ్లకోసారి సార్వా పంట మునిగితే ఏం చేస్తాడు? చేను చెరువుకు లీజుకిస్తే ఏడాదికి ఇంత అని చేతికొస్తుంది. ఇచ్చేస్తాడు. అక్కడ గట్టు లేస్తుంది. గట్టు వల్ల నీరు పారే దారి మూసుకుని పక్క చేను మునుగుతుంది. మర్నాడు ఆ పక్క రైతు కూడా అదే పని చేస్తాడు. అంటే ముంపు వల్ల చెరువులు, చెరువుల వల్ల ముంపు. ఏది ముందో, ఏది వెనకో తేల్చలేని చక్రం ఇది. ఇందులో ఏ ఒక్క రైతూ తెలివితక్కువ పని చేయలేదు. అందరి లెక్కలూ కలిస్తేనే అందరికీ నష్టం.

పరిష్కారానికీ ఇంకో వైపు ఉంది

ఉప్పుటేరును లోతుగా, వెడల్పుగా తవ్వాలన్నది పాత డిమాండ్. పూడిక తీయాల్సిందే, వంతెనల దగ్గర ఇరుకు తొలగించాల్సిందే. కానీ ఎండాకాలంలో సంగతి వేరు. కొల్లేరులో నీరు తగ్గినప్పుడు ఆటుపోట్లతో సముద్రపు నీరు ఉప్పుటేరు గుండా వెనక్కి ఎక్కుతుంది. దారి ఎంత బాగా తెరిస్తే ఉప్పు అంత లోపలికి వస్తుంది. అందుకే రెగ్యులేటర్లు కట్టి ఉప్పునీటిని ఆపాలన్న ప్రతిపాదన ఉంది. అయితే వరద రోజున ఆ గేట్లు సమయానికి ఎత్తకపోతే రక్షణ కోసం కట్టిందే అడ్డంకి అవుతుంది.

గుర్రపుడెక్క సంగతీ అంతే. పొలాల ఎరువులు, చెరువుల మేత, పట్టణాల మురుగు కలిసి సరస్సులో దానికి బలమైన ఆహారం. అది పెరిగి డ్రెయిన్లకు అడ్డం పడుతుంది. ఏటా తీయడానికి డబ్బు ఖర్చవుతుంది, మూలం మాత్రం నీటిలోనే ఉంటుంది.

అభయారణ్యాన్ని +5 నుంచి +3కి తగ్గించాలన్న డిమాండూ ఏళ్లుగా నలుగుతోంది. 2008లో అసెంబ్లీ తీర్మానం కూడా చేసింది. జిరాయితీ పట్టాలు చేతిలో ఉండి, పరిహారం అందక, సాగు చేసుకోలేక ఉన్నవాళ్ల బాధ నిజమైనదే. కానీ కాగితం మీద గీత జరిపితే వరద నీరు ఆ గీత దగ్గర ఆగదు. కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ కూడా తగ్గించవద్దనే చెప్పింది.

మరి ఎలా చూడాలి?

ఏ నాయకుడు ఏ పథకం చెప్పినా మూడు ప్రశ్నలు వేస్తే సగం తేలిపోతుంది. ఈ పని చేస్తే నీళ్లు ఎక్కడి నుంచి ఎక్కడికి మారతాయి? వానాకాలంలో మేలు చేసేది ఎండాకాలంలో ఏం చేస్తుంది? నష్టపోయేవాడికి బతుకుదెరువు ఏం చూపిస్తున్నారు? 2006లో మూడో ప్రశ్నకు సరైన జవాబు దొరకలేదు. గట్లు తిరిగి లేవడానికి అదొక పెద్ద కారణం.

2022లో జిల్లాల విభజనతో కైకలూరు, నూజివీడు ఏలూరు జిల్లాలోకి వచ్చాయి. అంతకుముందు కృష్ణా, పశ్చిమ గోదావరి మధ్య పంచుకున్న సరస్సు చాలా వరకు ఒకే కలెక్టర్ కిందికి చేరింది. అయితే బుడమేరు పుట్టేది ఎన్టీఆర్ జిల్లాలో, ఉప్పుటేరు సముద్రంలో కలిసేది ఇంకో చోట. ఏరు మొదలు నుంచి మొగ దాకా ఒకే లెక్కగా చూసే వ్యవస్థ ఉంటే తప్ప, ప్రతి శాఖా తన పని తాను చేసినా పొలం మునుగుతూనే ఉంటుంది.

అంతవరకు పెదపాడు రైతు అలవాటు మారదు. తన చేను మీద ఎండ కాస్తున్నా సరే, ఎగువన వాన పడిందా, దిగువన నీరు లాగుతోందా అని అడుగుతూనే ఉంటాడు. కొల్లేరును అర్థం చేసుకోవడానికి సరైన ప్రశ్న కూడా అదే.