కౌలాలంపూర్‌కు వెళ్లి పప్పన్నమేనా?

మలేషియా ప్యాకేజీ కొనుక్కున్న వరంగల్ కుటుంబానికి మామూలుగా దక్కేదేమిటి? జంట టవర్ల ముందు సెల్ఫీ, గెంటింగ్ కొండ మీదికి కేబుల్ కారు, రాత్రికి ‘ఇండియన్ ఫుడ్’ పేరిట పప్పూ అన్నం. పప్పన్నం కోసమైతే కాజీపేట దాటక్కర్లేదు.

ప్రయాణం ఇప్పుడు తేలికే. 2023 డిసెంబరు 1 నుంచి భారతీయులు 30 రోజుల దాకా వీసా లేకుండా ఉండొచ్చు; ఈ వెసులుబాటు 2026 చివరి వరకూ ఉంది. దిగే ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాలి. అది ఉచితం, ఎవరడిగినా పైసా ఇవ్వక్కర్లేదు. శంషాబాద్ నుంచి విమానంలో నాలుగు గంటలు. హన్మకొండ నుంచి శంషాబాద్ చేరడానికీ ఇంచుమించు అంతే పడుతుంది. వరంగల్ పక్కనున్న మామునూరు విమానాశ్రయంలో విమానం ఎగిరేదాకా ఈ తిప్పలు తప్పవు.

ఉన్నది మూడు రోజులే అయితే గెంటింగ్‌ను వదిలేసి, పాత నగరంలో ఒక పూట కాలినడకన తిరగడం మేలు. జలాన్ తున్ హెచ్.ఎస్. లీ అనే వీధిలో 1873 నాటి మహామారియమ్మన్ గుడి ఉంది. బయట పూలదండలు అమ్ముతుంటారు. దాదాపు ఎదురుగానే చైనీయుల గువాన్ ది గుడి; లోపల కప్పు నుంచి చుట్టలు చుట్టలుగా వేలాడే అగరుబత్తులు నింపాదిగా కాలుతుంటాయి. ఇంకాస్త నడిస్తే రెండు నదులు కలిసేచోట 1909లో కట్టిన మస్జిద్ జామెక్. ఒంటినిండా బట్టలు లేకపోతే కప్పుకోవడానికి వాళ్లే ఇస్తారు. నమాజు వేళల్లో మాత్రం పర్యాటకులను రానివ్వరు. ఆకలేస్తే తమిళ ముస్లింలు నడిపే మామక్ హోటళ్లున్నాయి. అక్కడి రోటీ చనాయ్ మన పరోటాకు దగ్గరి చుట్టమే.

గైడ్లు సాధారణంగా ఎత్తని సంగతి ఇంకొకటుంది. 1981లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది ఈ నగరంలోనే. బ్రిటిష్ కాలంలో శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి రబ్బరు, కొబ్బరి తోటల పనికి వెళ్లినవారి సంతతి ఆ దేశంలో ఉంది. వాళ్ల సంఘం 1955లో మొదలైంది. తమిళులు ఎక్కువున్న చోట వీళ్లనూ తమిళుల కిందే జమకట్టేస్తుంటారు. అలాంటి చోట తరాల తరబడి తెలుగు నిలుపుకొచ్చిన మనుషులతో గంటసేపు మాట్లాడితే, దాని ముందు కేబుల్ కారు దిగదుడుపే. వెళ్లే ముందే సంఘానికి ఒక ఉత్తరం రాసి చూడొచ్చు.

బటు గుహలకు కేఎల్ సెంట్రల్ నుంచి లోకల్ రైలుంది. 272 మెట్లెక్కాలి కాబట్టి ఎండ ముదరకముందే వెళ్లాలి. జంట టవర్ల పైకి ఎక్కాలనుకుంటే సోమవారం పెట్టుకోవద్దు, ఆ రోజు వాటికి సెలవు.