మావయ్య బాకీల పుస్తకం, మన ఐటీ ప్లాను

ఏటా మార్చి దగ్గర పడేసరికి మా ఆఫీసులో ఓ తంతు జరుగుతుంది. వచ్చే ఏడాదికి టెక్నాలజీ ప్లాను తయారు చెయ్యడం. ఓ యాభై స్లైడ్లు ఉంటాయి. మొదటి స్లైడులో "వ్యాపార లక్ష్యాలకు అనుగుణంగా" అన్న మాట, చివరి స్లైడులో "డేటా భద్రతకు పెద్దపీట" అన్న మాట ఉండి తీరాలి. మధ్యలో ఉన్న నలభై ఎనిమిది స్లైడ్లూ ఏమేం కొనాలో చెప్పే చీటీ. కిరాణా కొట్టుకి రాసే చీటీకీ దీనికీ తేడా ఏంటంటే, ఆ చీటీ రాసే ఇల్లాలికి ఇంట్లో ఏం వండాలో ముందే తెలుసు :-)

నేనూ అలాంటి స్లైడ్లు చాలానే చేశాను కాబట్టి ఎవర్నీ వెక్కిరించట్లేదు. పైగా నేను వేసిన ఓ ప్లాను వల్ల మా ఇంట్లో మనిషే నష్టపోయాడు. ఆ సంగతి చెబితేగానీ నేను చెప్పదల్చుకున్నది అర్థం కాదు.

గుంటూరులో మా మావయ్యకి మందుల హోల్‌సేల్ ఏజెన్సీ ఉంది. కంపెనీల దగ్గర సరుకు తెచ్చి చుట్టుపక్కల మెడికల్ షాపులకి వేస్తాడు. 2016లో "ఏరా అల్లుడూ, నువ్వు కంప్యూటర్ల వాడివే కదా, మన కొట్టుకి ఏం కావాలో చూసి చెప్పు" అన్నాడు. కాఫీ తాగుతూ అరగంటలో తేల్చేశాను. ఒక మంచి కంప్యూటరు, దాంట్లో అకౌంటింగు సాఫ్టువేరు, బ్యాకప్ కోసం ఓ ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కు. డిస్కుని ఎప్పుడూ తగిలించే ఉంచమన్నాను, రోజూ రాత్రి దానంతట అదే కాపీ అయ్యేలా అమర్చాను. మావయ్య సంతోషించాడు. నేనూ ఓ గొప్ప పని చేసినట్టే ఫీలయ్యాను.

2020లో లాక్‌డౌన్ వచ్చింది. అకౌంటెంటు ఇంట్లోంచి పని చెయ్యాలన్నాడు. రిమోట్ డెస్క్‌టాప్‌కి ఇంటర్నెట్టు మీద దారి ఎలా తెరవాలో ఫోన్లో చెప్పింది నేనే. పాస్‌వర్డు కొట్టు పేరూ, పక్కన 123. నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు.

2021 ఆగస్టులో ఓ సోమవారం పొద్దున్నే ఫోను. తెర మీద ఏదో ఇంగ్లీషులో వచ్చిందట, బిట్‌కాయిన్లు అడుగుతోందట. నాకు విషయం అర్థమైంది. అయినా ఆశ చావక "మావయ్యా, హార్డ్‌డిస్కు ఉందిగా, అది చూడు" అన్నాను. తగిలించే ఉంచమన్నాను కదా... తగిలించే ఉంది. దాంతోపాటు అదీ పోయింది.

మావయ్య డబ్బులు కట్టలేదు, కట్టినా ఇస్తారన్న నమ్మకం లేదు. లెక్కలు తిరిగి రాసుకోవడం మొదలెట్టాం. అమ్మకాల బిల్లులు చాలామటుకు దొరికాయి, ఎందుకంటే నెలనెలా జీఎస్‌టీ రిటర్నుల్లో షాపులకిచ్చిన బిల్లులన్నీ ఎక్కించి ఉన్నాయి, పోర్టల్లోంచి దించుకున్నాం. కొన్న సరుకు వివరాలూ అలాగే వచ్చాయి. కానీ ఏ షాపువాడు ఎంత కట్టాడు, ఇంకా ఎంత బాకీ అన్నది జీఎస్‌టీ వాళ్లకెందుకు? అది ఆ కంప్యూటర్లో తప్ప ఇంకెక్కడా లేదు. ఏ బ్యాచి మందు ఎప్పుడు ఎక్స్‌పైరీ అవుతుందో కూడా అంతే, గోడౌన్లో డబ్బా డబ్బా తీసి చూసుకోవాల్సొచ్చింది.

మందుల వ్యాపారం నడిచేదే అరువు మీద. మావయ్య ఒక్కో షాపుకీ ఫోన్ చేసి "మీరు మాకెంత ఇవ్వాలో మీరే చెప్పండి బాబూ" అని అడగడం నేను పక్కన కూచుని విన్నాను. ముప్ఫయ్యేళ్లుగా వసూళ్లు చేసిన మనిషి గొంతులో ఆ మాట వినడం అంత తేలిక కాదు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, చాలామంది నిజాయితీగానే చెప్పారు. కొంతమంది "అంతా కట్టేశాం కదండీ" అన్నారు. వసూలు కుర్రాడి దగ్గరున్న రసీదు పుస్తకాల అడ్డచీటీలు కొంత కాపాడాయి. చివరికి పదకొండు లక్షలు ఎటూ తేలకుండా పోయాయి. మావయ్య నన్ను ఒక్క మాట అనలేదు. అదే ఇంకా బాధ.

తర్వాత ఆలోచిస్తే నాకు తట్టింది ఒకటే. 2016లో ఆ కాఫీ తాగుతున్నప్పుడు "మావయ్యా, ఏది పోతే రేపు నువ్వు కొట్టు నడపలేవు?" అని అడిగుంటే, క్షణం ఆలోచించకుండా "బాకీల పుస్తకంరా" అనేవాడు. ఆయనకి తెలుసు. నేను అడగలేదు. నాకు తెలిసినవి కంప్యూటర్లు కాబట్టి కంప్యూటర్ల గురించే మాట్లాడాను.

సరే, ఇదేదో గుంటూరు కొట్టు గొడవ, పెద్ద కంపెనీల్లో అన్నీ పద్ధతిగా ఉంటాయి అంటారా? మనలాంటి ఇంజనీర్లే నడిపే గిట్‌ల్యాబ్ సంగతి చూడండి. 2017 జనవరి 31 రాత్రి ఓ ఇంజనీరు రెండో సర్వరు మీద డేటా చెరపబోయి అసలు సర్వరు మీద చెరిపేశాడు. సుమారు 300 గిగాబైట్లలో నాలుగున్నర మిగిలాయి. పోనీ బ్యాకప్ ఉందిగా అని చూస్తే, రోజూ జరుగుతుందనుకున్న డేటాబేసు బ్యాకప్ అసలు జరగట్లేదు, వెర్షను తేడా వల్ల ఫెయిలవుతోంది. ఫెయిలైందని చెప్పే ఈమెయిళ్లు కూడా రావట్లేదు, వాటిని మెయిలు సర్వరు తిరస్కరిస్తోంది. ఆరుగంటల ముందు వేరే పని కోసం చేత్తో తీసిన ఒక స్నాప్‌షాట్ వాళ్లని కాపాడింది. ఆ ఆరుగంటల్లో చేరిన సుమారు 5,000 ప్రాజెక్టులు, 5,000 వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాలు పోయాయి. వాళ్లని మెచ్చుకోవాల్సిన విషయం ఏంటంటే, ఇదంతా దాచకుండా లోకానికి చెప్పారు. మన దగ్గరైతే ఓ "చిన్న సాంకేతిక సమస్య" అయ్యుండేది.

అదే ఏడాది జూన్ 27న నాట్‌పెట్యా వచ్చి మెర్స్క్ అనే ఓడల కంపెనీని ఊడ్చేసింది. 4,000 సర్వర్లు, 45,000 పీసీలు పదిరోజుల్లో మళ్లీ కట్టుకోవాల్సొచ్చింది. నష్టం 25 నుంచి 30 కోట్ల డాలర్లని కంపెనీయే లెక్కేసింది. విడివిడి సర్వర్లకి వాళ్ల దగ్గర బ్యాకప్‌లున్నాయి. కానీ ఎవరు లోపలికి రావచ్చో, ఎవరు రాకూడదో చెప్పే డొమైన్ కంట్రోలర్లకి లేవు. సుమారు 150 కంట్రోలర్లు ఒకదాన్ని చూసి ఒకటి కాపీ చేసుకుంటాయి కదా, అన్నీ ఒకేసారి పోవులే అనుకున్నారు. అన్నీ ఒకేసారి పోయాయి, ఒక్కటి తప్ప. ఘనాలో ఉన్న ఆ ఒక్కటీ ఎలా బతికిందంటే, దాడికి ముందు అక్కడ కరెంటు పోయింది! కరెంటు కోతని తిట్టుకుంటూ పెరిగిన మనం ఓసారి ఆ కోతకి దండం పెట్టుకోవాలి.

మరీ దగ్గర్లోది కావాలంటే హైదరాబాదు మహేశ్ బ్యాంకు. 2022 జనవరిలో ఉద్యోగులకొచ్చిన ఈమెయిళ్ల ద్వారా లోపలికి దూరి సుమారు 12 కోట్లు కొట్టేశారు. ప్రాథమిక జాగ్రత్తలే తీసుకోలేదని పోలీసులు తేల్చారు, 2023లో రిజర్వు బ్యాంకు 65 లక్షలు జరిమానా వేసింది.

2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలో అయితే మరీ ఘోరం. డేజాన్‌లోని ప్రభుత్వ డేటా సెంటర్లో బ్యాటరీలు అంటుకుని, ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవు 858 టెరాబైట్ల డేటాతో సహా కాలిపోయింది. బ్యాకప్ ఎందుకు లేదయ్యా అంటే, మరీ పెద్దది కాబట్టి తియ్యలేదన్నారు. అంతకుముందు ఉద్యోగుల్ని ఫైళ్లు అక్కడే దాచుకోండని ప్రోత్సహించింది కూడా ప్రభుత్వమే.

వీటిలో దేనికీ డబ్బు కొరతో, తెలివి కొరతో కారణమని నేననుకోను. ఏది ముఖ్యమో తెలిసినవాడు, దాన్ని ఎలా కాపాడాలో తెలిసినవాడు ఒక బల్ల దగ్గర కూచోలేదు. నా మట్టుకు నాకు టెక్నాలజీ ప్లాను అంటే ఆ ఇద్దర్నీ కూచోబెట్టడమే.

కూచోబెట్టి ఏం అడగాలి? మన పుస్తకాల్లో వీటికి రికవరీ పాయింట్ ఆబ్జెక్టివ్, రికవరీ టైమ్ ఆబ్జెక్టివ్ అని పెద్ద పేర్లున్నాయి. మామూలు మాటల్లో అయితే రెండు ప్రశ్నలు. ఎంతసేపటి లెక్క పోయినా మళ్లీ రాసుకోగలరు? ఎంతసేపు కొట్టు మూసినా తట్టుకోగలరు? వీటికి జవాబు చెప్పాల్సింది ఐటీ వాళ్లు కాదు, వ్యాపారం చేసేవాళ్లు. మనం చెయ్యాల్సింది ఆ జవాబుకి ధర చెప్పడం.

ఈ ధర చెప్పడం అన్న దగ్గరే అసలు పితలాటకం. ఎవర్నడిగినా మొదట "ఒక్క రికార్డు పోకూడదు, ఒక్క నిమిషం ఆగకూడదు" అనే అంటారు. మనమూ తలూపేసి స్లైడులో రాసేస్తాం. అలా కాకుండా "నిమిషం కూడా ఆగకూడదంటే ఏడాదికింత, నాలుగు గంటలు ఆగినా ఫర్లేదంటే ఇంత, ఒక రోజైతే ఇంత" అని మూడు అంకెలు ముందు పెట్టి చూడండి. అప్పుడొస్తుంది నిజం. జీతాల సిస్టమ్ నెలాఖరు మూడు రోజులు తప్ప ఎప్పుడాగినా పర్లేదంటారు. ఆర్డర్లు తీసుకునేది మాత్రం గంట కూడా ఆగకూడదంటారు. అప్పటిదాకా అన్నిటికీ సమానంగా పంచిన డబ్బుని ఎక్కడ పెట్టాలో అప్పుడు తెలుస్తుంది. "వ్యాపార లక్ష్యాలకు అనుగుణంగా" అన్న మాటకి నాకు తెలిసిన అర్థం ఇదొక్కటే.

"క్లౌడుకి వెళ్లిపోయాం కదా, ఇంకెందుకీ గోల" అనేవాళ్లూ ఉన్నారు. క్లౌడు వాడు మీ డిస్కు చెడిపోకుండా చూస్తాడు. మీ పాస్‌వర్డు పట్టుకున్నవాడు వచ్చి చెరిపేస్తే, మీరు చెరిపారనుకుని వాడూ చెరిపేస్తాడు. బ్యాకప్ ఉన్న ఖాతా, అసలు డేటా ఉన్న ఖాతా ఒకటే అయితే, అది మా మావయ్య తగిలించి ఉంచిన హార్డ్‌డిస్కే.

ఇంకో సంగతి. ఇది ఇప్పుడు మన డేటా ఒక్కటే కాదు, జనం డేటా కూడా. 2022 ఏప్రిల్లో సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం దాడి జరిగిందని తెలిసిన ఆరుగంటల్లో చెప్పాలి, 180 రోజుల లాగ్‌లు ఉంచాలి. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2025 నవంబరులో నిబంధనలు వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలకి 18 నెలల గడువిచ్చారు. తగిన భద్రత పెట్టనందుకు జరిమానా 250 కోట్ల దాకా ఉండొచ్చు. దీన్ని చూసి మళ్లీ ఏదో ఒక టూల్ కొనేసి గట్టెక్కామనుకునేవాళ్లు బోలెడుమంది. కానీ అసలు అక్కర్లేని డేటా దాచుకోకపోవడం అన్నిటికన్నా చవకైన భద్రత. మన దగ్గర లేనిదాన్ని ఎవడూ ఎత్తుకుపోలేడు.

మావయ్య ఇప్పుడేం చేస్తున్నాడో చెబుతాను. రెండు డిస్కులు. ఒకటి కొట్లో ఉంటే ఇంకోటి ఇంట్లో బీరువాలో. శనివారం శనివారం మారుస్తాడు, కాపీ అవగానే పీకేస్తాడు. ఇంకో కాపీ క్లౌడులో, వేరే పాస్‌వర్డుతో. ఇంటర్నెట్టు మీద తెరిచిన దారి మూసేశాం. నెలకోసారి ఆదివారం పాత ల్యాప్‌టాప్ మీద డిస్కులోంచి లెక్కలన్నీ రీస్టోర్ చేసి, ఏదో ఒక షాపు పేరు చెప్పి "వీళ్ల బాకీ ఎంతుందో చూడు" అంటాడు అకౌంటెంటుతో. అంకె సరిపోతే ఇద్దరూ టీ తాగుతారు. దీనికంతటికీ అయిన ఖర్చు పదిహేను వేల లోపు.

దీన్ని చూసే మా ఆఫీసులో నేనూ ఓ రీస్టోర్ రిహార్సల్ చేద్దామన్నాను. "స్ప్రింటులో చోటు లేదు" అని రెండుసార్లు వాయిదా పడ్డాక మూడోసారి ఒప్పుకున్నారు. కాగితం మీద నాలుగు గంటలని రాసి ఉంది. పట్టింది పంతొమ్మిది గంటలు. డేటా బాగానే వచ్చింది, దాన్ని విప్పే ఎన్‌క్రిప్షన్ కీ మాత్రం మనం పోయిందని ఊహించుకున్న ఆ సర్వరు మీదే ఉంది. తాళంచెవిని బీరువాలోనే పెట్టి తాళమేసుకున్నట్టు. రిహార్సల్ కాబట్టి నవ్వుకున్నాం. ఈ ఏడాది ప్లానులో మొదటి స్లైడు అదే: పంతొమ్మిది గంటల్ని ఆరుకి తేవడం. మా ఫైనాన్సు మేనేజరు ఆ స్లైడు మీద అడిగినన్ని ప్రశ్నలు ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగలేదు. ఎందుకంటే ఈసారి ఆయనకి అర్థమైంది.

ఇంతకీ, మీ ఆఫీసులో బ్యాకప్ ఉండే ఉంటుంది. ఆఖరుసారి దాంట్లోంచి రీస్టోర్ చేసి చూసిందెప్పుడు? రేపు పొద్దున్న ఆఫీసుకెళ్లి ఆ ఒక్క ప్రశ్న అడిగి చూడండి. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటే, మీ ప్లాను ఎక్కణ్ణించి మొదలెట్టాలో తెలిసిపోయినట్టే.